బచ్చలిపందిరి కింద

ఈ ఉదయం గుడివాడ రైతుబజారులో తడిసిన గోనెసంచి వాసన తగిలింది. ఎవరో ఆకుకూరల మీద కప్పి ఉంచారు. కూర తీసుకుందామని చాచిన చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. అవనిగడ్డలో కరుణమ్మ టీచర్ గారి పెరడు గుర్తొచ్చింది.

అక్కడ ఒక ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో నేను ఆవిడ పక్క వాటాలో అద్దెకుండేదాన్ని. ఆవిడ బడి నుంచి రిటైరయ్యారు. భర్త పోయారు. ఆయన వేసిన తీగబచ్చలి పందిరంతా అల్లుకుని, పెరడు మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా, చీకటిగా ఉండేది. వీధిలో ఎవరింట్లో కూర లేకపోయినా ఆ పందిరి కిందికే వచ్చేవారు. ఆదివారం చర్చి నుంచి రాగానే, చీరైనా మార్చుకోకుండా, ఆవిడ కూడా అక్కడే కూర్చునేవారు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ఒక పొద్దున్న చూస్తే తోటకూర మడిలో కాడలే మిగిలాయి. పురుగేదీ కనబడలేదు. గోడ మీద, అరుగు మీద మాత్రం వెండి పూసినట్టు మెరిసే చారలు. తర్వాత వంగనారు పోయింది. ఒక సాయంత్రం వాన ఆగగానే టీచర్ గారు నన్ను పెరట్లోకి పిలిచి, "మాట్లాడకమ్మా, విను," అన్నారు. మొదట చూరునీళ్ళ చప్పుడే వినిపించింది. దాని వెనకాల, కాగితాన్ని గోటితో గీస్తున్నట్టు ఇంకో సన్నని చప్పుడు, నలువైపుల నుంచీ. ఆవిడ ఒక బచ్చలాకు తిప్పి చూపించారు. నల్లగా, వేలంతేసి, గుల్ల లేని నత్తలు అతుక్కుని ఉన్నాయి. అలాంటివి మేమెప్పుడూ చూడలేదు.

"ఎక్కణ్ణుంచొచ్చాయండీ ఇవి?"

"ఎవరో తెచ్చుకున్న పూలకుండీల మట్టిలో వచ్చుంటాయి. ఎలా వస్తేనేం, ఇక్కడ బాగుంది వాటికి."

తడి గోనెసంచులు పరిచి, పొద్దున్నే వాటి కింద చేరిన నత్తల్ని సబ్బునీళ్ళ బకెట్లో వేసేవాళ్ళం. ఎన్ని తీసినా మర్నాటికి మళ్ళీ అన్నే ఉండేవి. ఒకరోజు ముందుగదిలో ఆవిడ భర్త ఫోటో అద్దం మీద, సరిగ్గా కళ్ళ మీదుగా, ఒక చార కనిపించింది. ఆవిడ కొంగుతో తుడిచారు. చార పోలేదు, ఆయన ముఖమే మసకబారింది.

ఎదురింటి శివరావు గారు దొండపాదులన్నీ పోగొట్టుకుని కోపంగా వచ్చారు. "ఉప్పు చల్లేద్దామండీ టీచర్ గారూ. పీడ వదిలిపోద్ది."

"వద్దండీ. మా చిన్నప్పుడు నాగాయలంకలో తుఫానుకి సముద్రం పొలాల్లోకొచ్చింది. ఉప్పు తాగిన నేల ఎలా ఉంటుందో చూశాను. మళ్ళీ మన చేత్తో పోయొద్దు."

"మరేం చెయ్యమంటారు? అవి పెరిగేది మీ పందిరి కిందే కదండీ!"

అనేశాక ఆయనే తల దించుకున్నారు. టీచర్ గారు పందిరి వంక చూశారు. "నిజమే," అన్నారు.

మర్నాడు లేచేసరికి ఆవిడ కొడవలితో తీగ కోస్తున్నారు. "నేనూ పట్టనా అండీ?" అంటే, "వద్దమ్మా, ఇది నేనే కొయ్యాలి," అన్నారు. పందిరి ఒరిగి, ఎన్నో ఏళ్ళకి ఆ నేల మీద ఎండ పడింది. నేలే కదులుతున్నట్టనిపించింది. ఎండు ఆకుల అడుగున సగ్గుబియ్యంలా గుడ్లు, కుప్పలు కుప్పలుగా. ఇన్నాళ్ళూ మేం కూర్చుని కబుర్లాడింది వాటి మీదే. శివరావు గారు పార పట్టుకుని వచ్చి ఆవిడ పక్కన తవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వీధిలో అందరూ తమ పెరళ్ళలోని చెత్తా చెదారం ఎత్తి, మట్టి తిరగేసి ఎండకి వదిలారు.

మరుసటి వానలకి నత్తలు పూర్తిగా పోలేదు గానీ మడులు నిలిచాయి. టీచర్ గారు మళ్ళీ పందిరి వెయ్యలేదు. రెండు మూడుసార్లు, మాటల మధ్యలో ఆవిడ ఆ ఖాళీ వైపు చూసి ఆగిపోవడం గమనించాను. ఇప్పుడావిడ లేరు.

పోయినేడు గుడివాడలో మా వీధి మురుక్కాలవ పొంగింది. తప్పు మీదంటే మీదని అందరూ అరుచుకుంటున్నారు. నేను వెళ్ళి మా గుమ్మం ముందు కాలవ మీద కప్పిన రాతిపలక పట్టుకున్నాను. దాని కింద ఏముందో చూడాలని నాకు లేదు. అయినా ఎత్తాను.