గుర్తుతెలియని ఎర్రపొడి

మా వీధిలో తిండి అమ్మే దుకాణాలు ఏడు. ఏడింటికీ కలిపి, వంటలో వెంట్రుకలు పడకుండా తలకు పెట్టుకునే టోపీలు పన్నెండు. ఈ సంగతి మాకు తెలుసు, తిండి శుభ్రత చూసే తనిఖీ సారుకు తెలుసు, వీధికుక్కలకు కూడా తెలుసు. సారు జీపు మలుపు తిరిగేసరికి టోపీలన్నీ మొదటి హోటల్ వాళ్ల నెత్తిన ఉంటాయి. ఆయన అక్కడ రాసుకోవడం ముగించి బయటికి వచ్చేలోపు వెనక సందు గుండా రెండో హోటల్‌కు చేరతాయి. ఒకసారి టోపీలు రావడం ఆలస్యమైతే సారు మా మెస్సు గడప ముందే నిలబడి బూటు లేసు మూడుసార్లు కట్టుకున్నాడు. పాపం, అంత మంచి మనిషి.

టోపీలు మోసే పని చాయ్ హోటల్ చాచాది. అరవై దాటినా, మోకాళ్ల నొప్పులున్నా ఆ ఒక్కరోజు లేడిపిల్లలా ఉరికేవాడు. "బేటీ, సారు వస్తుండు! జల్ది పెట్టుకోండ్రి, చెవులు గూడ కప్పుకోండ్రి!" అని సంచీ మా మీదకు విసిరేవాడు. చెవులకూ కూరకూ ఏం సంబంధమో ఆయన్ను అడిగే తీరిక మాకుండేది కాదు.

కరీంనగర్‌కు గంట దారిలో, రైస్ మిల్లుల నడుమ ఉన్న చిన్న ఊరు మాది. మా అమ్మను మేం అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. బాపు చనిపోయాక అవ్వ మెస్సు పెట్టింది. మిల్లు హమాలీలు, లారీ డ్రైవర్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు అందరూ అక్కడే తింటారు. తనిఖీ సారు కూడా వారానికి మూడు పూటలు మా బల్ల మీదే తినేవాడు. నేను డిగ్రీ చదివి గల్లా దగ్గర కూర్చుని అవ్వకు బుద్ధులు చెప్పేదాన్ని. చెమట ఆమెది, తెలివి నాది అని అప్పట్లో నా నమ్మకం.

అవ్వకు ఉన్న గర్వం ఒక్కటే, ఆమె కారం. ఎండాకాలం రాగానే మెట్‌పల్లి దిక్కు నుంచి మిరపకాయలు తెప్పించేది. డాబా మీద ఎండబెట్టి, కూర్చుని తొడిమలు తీసి, గిర్నికి మోసుకుపోయి, పట్టేంతసేపూ తుమ్ముకుంటూ అక్కడే నిలబడేది. ఎందుకే ఆ తిప్పలు, గిర్నాయన పట్టి ఉంచుతాడు కదా అంటే వినేది కాదు. "కన్ను తప్పిందంటే కల్తీ అయితది బిడ్డా. తినేటోళ్లు మనల్ని నమ్మి వస్తున్నరు" అనేది.

ఆ ఏడాది మెస్సు లైసెన్సు గడువు అయిపోయింది. రెన్యువల్ కోసం సారు తనిఖీకి వచ్చాడు. టోపీలు చూశాడు, తృప్తి పడ్డాడు. నీళ్ల డ్రమ్ము చూశాడు, తల ఊపాడు. తర్వాత కారం జాడీ మూత తీశాడు.

"కారం ఏ కంపెనీదమ్మా?"

"కంపెనీ ఎక్కడిది సారూ, నాదే" అంది అవ్వ సంబరంగా. "నేనే ఎండబెట్టిన, నేనే తొడిమలు తీసిన, నా కండ్ల ముందట పట్టిచ్చిన."

"మరి లేబుల్ ఏది? బ్యాచ్ నంబర్ ఏది? ఎన్నడు ఖరాబైతదో తారీకు ఏది?"

"తారీకెందుకు సారూ? మల్ల ఎండకాలం దాక ఏం గాదు."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం సారు. పెన్ను తీసి ఫారంలో రాశాడు. వంగి చూశాను. 'లేబుల్ లేని గుర్తుతెలియని ఎర్రపొడి' అని ఉంది. మావైపు రైలు పట్టాల మీద దొరికిన శవాన్ని పేపర్లో అలా రాస్తారు. రాసినాయనే చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుని, ఆ గుర్తుతెలియని ఎర్రపొడి వేసిన కోడికూర రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. మూతి తుడుచుకుంటూ, "వారం దినాలకు మల్ల వస్త. కూర శాంపిల్ తీసి ల్యాబుకు పంపుత. లేబులున్న సామానే వాడుండ్రి. లేకుంటే లైసెన్సు రాదు, మెస్సుకు తాళం పడతది" అని చెప్పి పోయాడు.

ఆ రాత్రి అవ్వ బువ్వ ముట్టలేదు. మెస్సు తప్ప ఆమెకు మరో పని తెలియదు. పొద్దున నాలుగింటికి పొయ్యి ముట్టించకపోతే ఆమెకు ఆ రోజు తెల్లవారినట్టే ఉండదు. నేను మాత్రం తెలివిగలదాన్ని కదా, మర్నాడే కిరాణా దుకాణానికి వెళ్లి అన్నిటికంటే ఎక్కువ ముద్రలున్న కారం ప్యాకెట్లు ఏరుకొచ్చాను. ఆకుపచ్చ చుక్క, బంగారు రంగు ముద్ర, బ్యాచ్ నంబర్, తారీకు, వంటగదిలో నవ్వుతున్న ఒక తెల్లటి ఆడమనిషి బొమ్మ. ఇంకేం కావాలి?

అవ్వ ప్యాకెట్ కత్తిరించి వాసన చూసింది. "గిది వాసనే లేదు బిడ్డా. రంగేమో మస్తుగున్నది. నా కూరల ఎయ్య."

"నీ చాదస్తం నువ్వూ! గవర్నమెంటోళ్ల ముద్ర ఉన్నదే గీ ప్యాకిట్ మీద. నీ జాడీ మీద ఏమున్నది? మెస్సు కావాల్నా, నీ కారం కావాల్నా?" అని అరిచాను.

 అవ్వ జాడీ ఎత్తి ఇంట్లో మంచం కిందకు నెట్టింది. మరుసటి వారం సారు వచ్చి అడిగినప్పుడు కూర ఎర్రగా నిగనిగలాడుతోంది. నాలుగు సీసాల్లో పోయించి, లక్కతో సీలు వేసి, "ఇప్పుడు మంచిగున్నది" అన్నాడు. నేను మురిసిపోయాను. నా తెలివికి నన్నే ఊరేగించాలి.

నెలన్నర తర్వాత నోటీసు వచ్చింది. కూరలో అనుమతి లేని రంగు ఉందట. లైసెన్సు ఎందుకు ఆపకూడదో వచ్చి చెప్పుకోవాలట.

రంగు ఆ ముద్రల కారందేనని చూపించడానికి, నోటీసు పట్టుకుని ప్యాకెట్ల కోసం వెతికాను. ఖాళీ కవర్లన్నీ ఎప్పుడో పొయ్యిలో పోయాయి. బిల్లు కోసం కిరాణా ఆయన దగ్గరకు ఉరికితే, "ఎన్నడన్న బిల్లడిగినవా చెల్లే? ఇప్పుడు అడిగితే నేనేడ తెచ్చేది?" అన్నాడు. నిజమే, పుట్టి బుద్ధెరిగి మేం బిల్లు అడగలేదు, ఆయన ఇవ్వలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో డిగ్రీలో చెప్పలేదు, ఆ రోజు తెలిసింది.

అవ్వను తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. సారు మమ్మల్ని కూర్చోబెట్టాడు, నీళ్లు తెప్పించాడు. ఫైలు తెరిచి, ముందే టైపు చేసిన కాగితం అవ్వ ముందుకు జరిపాడు. కూరలో రంగు నేనే కలిపాను, ఇకమీద కలపను అని దాని సారాంశం.

"గీ కాగితం మీద సంతకం పెట్టమ్మా. చిన్న జరిమానాతోని పోతది. లైసెన్సు ఇప్పిచ్చే పూచీ నాది. పెట్టకుంటే కేసు తేలేదాక మెస్సు బంద్. ఎన్నేండ్లు పడతదో నేను చెప్పలే."

"నేను కలపలే సారూ."

"నాకు తెల్వదా అమ్మా? పదేండ్ల సంది నీ చేతి బువ్వ తింటున్న."

"మరి గదే రాయుండ్రి."

సారు నొచ్చుకున్నట్టు నవ్వాడు. "గట్ల రాసేతందుకు ఫారంల జాగ లేదమ్మా."

అవ్వ నా వైపు తిరిగింది. నేనేం చేశానో చెబుతాను, దాచుకుని ఏం లాభం? "పెట్టే అవ్వా, ఒట్టి కాగితమే గదా. ఎవ్వలు సదువుతరు? గియ్యాల పెడితే రేపు గూడ పొయ్యి ముట్టియ్యచ్చు" అన్నాను. జాడీని మంచం కిందకు నెట్టించింది నేనే, పెన్ను చేతిలో పెట్టిందీ నేనే.

అవ్వ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. బస్సు వచ్చి పోయినా లేవలేదు.

లైసెన్సు పది రోజుల్లో వచ్చింది. అద్దం కట్టించి, నిబంధన ప్రకారం అందరికీ కనిపించేటట్టు గోడకు కొట్టాను. మేం ఇప్పుడు వేరే కంపెనీ కారం వాడుతున్నాం, బిల్లుతో సహా. మా పీడ విరగడయిందనుకున్నాను. కానీ లైసెన్సు గోడకెక్కిన రోజే మధ్యాహ్నం ఒక హమాలీ, "అవ్వా, ఈ నడుమ కూర రుచి మారిందేందే?" అని అడిగాడు. అవ్వ గరిటె పట్టుకుని నెమ్మదిగా చెప్పింది. "నేను రంగు కలిపినంట బిడ్డా. రాసిచ్చిన. చూసుకొని తిను."

 ఆమెను పక్కకు లాగి, "పిచ్చి లేసిందానే? ఎందుకు చెబుతున్నవ్?" అన్నాను. "సంతకం పెట్టినంక దాసుడేంది? తినేటోళ్లకు ఎరుకుండాలె" అంది. ఆమె గొంతులో కోపం లేదు. కోపముంటే నేను తట్టుకునేదాన్ని. ఆ వారం వచ్చిన ప్రతి మనిషికీ ఆ మాటే చెప్పింది. హమాలీలు నవ్వి, "జర ఇంకింత ఎయ్యవ్వా నీ రంగు" అని తినిపోయారు. ఆఫీసుల వాళ్లు కొందరు మానేశారు.

శుక్రవారం తనిఖీ సారు వచ్చాడు. ఎప్పటిలాగే ఫ్యాను కింద కూర్చుని, "అమ్మా, ఏం కూర?" అన్నాడు. అవ్వ ఆకు వేసి, అన్నం పెట్టి, మజ్జిగ పోసి, పక్కన ఉప్పు పెట్టింది. సారు కూర కోసం చూశాడు.

"కూర పెట్ట సారూ. రంగు కలిపేదాన్నని మీ కాడనే రాసున్నది. అది తెలిసి తెలిసి మీకెట్ల పెడుదు? పిల్లలు గల్లోళ్లు మీరు."

బల్లల దగ్గర తింటున్నవాళ్లంతా ఇటు తిరిగారు. సారు నా వైపు చూశాడు, నేనేదో సర్దిచెబుతానని. ఆ సంతకం పెట్టమన్న ఇద్దరిలో నేనొకదాన్ని. గల్లా పెట్టె తెరిచి చిల్లర లెక్కపెట్టసాగాను. ఆయన అన్నంలో ఉప్పు కలుపుకుని, తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు.