చిటికెన వేలు చూడని తూటా

మా అక్క మొగుణ్ణి ఖజానా కాపలా గదిలో అందరూ 'చిటికెన మామ' అనేవారు. ఆయన కుడి చేతి చిటికెన వేలికి గోరు లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత రైఫిల్‌లో తూటాని లోపలికి తోసే బోల్ట్ దాన్ని కొరికేసింది. కాపలా దిగేటప్పుడు తుపాకి లోపల తూటా లేదని కంటితో చూస్తే చాలదు, చిటికెన వేలు పెట్టి తడమాలన్నది అక్కడి పాతకాపుల పద్ధతి. గోరు పోయినా బావ ఆ పద్ధతి మానలేదు. "పోయింది గోరేగా, వేలుందిగా" అనేవాడు.

నేను పక్కనే రికార్డుల గదిలో గుమాస్తాని. రెండు గదులకీ మధ్య పలచటి చెక్క గోడ. వాళ్ల వాదనలు మాకు, మా టైపు మిషను మోత వాళ్లకు వినిపిస్తూనే ఉండేవి.

ఆ ఏడు కొత్త రైఫిళ్లు వచ్చాయి. వాటిని నేర్పే పనిమీద బావ సొంత అల్లుడే మా కాపలాకి బదిలీ అయి వచ్చాడు. ఇక రోజూ పేచీయే.

"అల్లుడుగారూ, ఇది తుపాకా, గొడుగా? చేతిలో ఉన్నట్టే లేదు."

"బరువే గొప్పయితే రోకలి పట్టుకుని నిలబడండి మామయ్యా."

ఒప్పుకోవలసింది బావ ఒప్పుకునేవాడు. కొత్తది భుజాన్ని తన్నదు, గురి చెదరదు. పాతదానికి తూటాలుండే మ్యాగజీన్ ముందు కొస తగిలించి, వెనక్కి లాగి బిగించాలి. కొత్తదానికి తిన్నగా పైకి తోస్తే చాలు. ఆయన తగువంతా సేఫ్టీ మీటతోనే. పాతదాని మీట కుడిపక్కన పొడుగాటి రేకు. వేస్తే 'టక్'మని గదంతా వినిపించేది, వేశాక బోల్ట్ వెనక్కి రాదు. కొత్తదాని మీట ఎడమపక్కన బొటనవేలి కింద చింతగింజంత. పలకదు. పైగా ట్రిగ్గర్ నొక్కేశాక సేఫ్ వైపు తిరగనే తిరగదు, మళ్లీ బోల్ట్ లాగాలి. "అలిగిందంటే బతిమాలాల్సిందే" అని విసుక్కునేవాడు.

ఆ మధ్యాహ్నం బావ కాపలా దిగి, గొట్టం ఇసుక పెట్టె వైపు పెట్టి, ఏళ్ల తరబడి చేస్తున్నట్టే అన్నీ చేశాడు. రైఫిల్‌ని స్టాండులో నిలబెట్టి, అన్నం తినడానికి నా గదికి వచ్చాడు.

రెండో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది.

"మీట తిరగలేదురా" అన్నాడు మెల్లగా.

"ఏ మీట?"

"కొత్తదానిది. మ్యాగజీన్ తీశాను, వేలు పెట్టి తడిమాను, ఖాళీ అని తేల్చేందుకు ట్రిగ్గర్ నొక్కాను, మ్యాగజీన్ తిరిగి పెట్టాను. పాతదానికి మీట ఆఖర్న కదా, చెయ్యి అలాగే పోయింది. తిరగలేదు. బోల్ట్ ఇంకోసారి లాగాను. అప్పుడు తిరిగింది."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. నిండు మ్యాగజీన్ ఉండగా బోల్ట్ లాగితే పైనున్న తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. ఆయన వేలు పెట్టి చూసింది అంతకు ముందు.

చెక్క గోడ అవతల అల్లుడి గొంతు వినిపించింది. కొత్తగా చేరిన గార్డులకి పాఠం. రెండు రైఫిళ్లూ పక్కపక్కన పెట్టి తేడాలు చెబుతున్నాడు.

"ఇది మామయ్య ఇందాక స్టాండులో పెట్టిన కొత్తది. మ్యాగజీన్ తీసేశాను, చూశారుగా. ట్రిగ్గర్ నొక్కాక మీట ఎందుకు తిరగదో ఇప్పుడు చూపిస్తాను. గొట్టం మనుషుల వైపు పెట్టకూడదు. ఇలా, గోడ వైపు."

ఆ గోడకి ఇవతల మా టైపిస్టమ్మ కూర్చుని ఉంది. మిషను టకటకలాడుతూనే ఉంది.

బావ ఎంగిలి చేత్తోనే లేచాడు. నేను నోరు తెరవబోతే కళ్లతో వారించాడు. "అరవకు. ఉలిక్కిపడితే వేలు బిగుస్తుంది." వరండా చుట్టి విసవిసా నడిచాడు. నేను టైపిస్టమ్మ జబ్బ పట్టుకుని ఇనుప బీరువా వెనక్కి లాగాను.

"ఏంటండీ ఇది?" అందావిడ.

మిషను మోత ఆగింది. గోడ అవతల బావ గొంతు, మంచినీళ్లు అడిగినంత మామూలుగా వినిపించింది.

"అల్లుడుగారూ, ట్రిగ్గర్ మీంచి వేలు తియ్యండి."

"పాఠం నడుస్తోంది మామయ్యా. పాతదాని గొప్పలు సాయంత్రం చెబుదురుగాని."

ఎవరో కిసుక్కున నవ్వారు. అంతమంది ముందు తన పొరపాటు ఒప్పుకుంటే బావ చేతికి మళ్లీ తుపాకి ఇవ్వరు. ఆ సంగతి నాకూ తెలుసు.

"లోపల తూటా ఉంది. ఎక్కించింది నేనే."

నవ్వు ఆగిపోయింది. బోల్ట్ వెనక్కి జరిగింది. గచ్చు మీద తూటా పడి, గోడ దాకా దొర్లుకుంటూ వచ్చి ఆగిన చప్పుడు బీరువా వెనక నుంచి విన్నాను.

నేను వెళ్లేసరికి అల్లుడు బల్ల మీద కూలబడి ఉన్నాడు.

"మీట సేఫ్‌లోనే ఉంది మామయ్యా. స్టాండులో పెట్టింది మీరు. మీరు పెట్టినదాన్ని నేనెప్పుడూ తెరిచి చూడలేదు."

"అది మీ తప్పు" అన్నాడు బావ. "మొదటిది నాది."

పై వారం నుంచి ఆయనకి గేటు దగ్గర లాఠీ కాపలా. రిటైరయ్యేదాకా అదే. ఇంట్లో అక్క దగ్గర కూడా సణగలేదు. అల్లుడు పాఠం మార్చాడు. మ్యాగజీన్ పెట్టాక బోల్ట్ ముట్టరాదన్నాడు. కొత్తదానికీ చిటికెన వేలు తప్పదన్నాడు. తూటా ఎక్కే సందు ఇరుకు, వేలు పట్టదని ఎవరైనా గొణిగితే, "గేటు దగ్గర మా మామయ్యని అడిగి రండి" అని పంపేవాడు.

బావ లాఠీ చంకలో పెట్టుకుని, గోరు లేని వేలు చాపి చూపించేవాడు.

"ఇరుకే. నిదానంగా పెడితే పడుతుంది."