చెప్పులు విప్పి దూకేవాళ్ళు

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదని చెప్పుకుంటే వినేవారికి బాగుంటుంది గాని, జరిగినది జరిగినట్లు రాసిపెట్టుకునే అలవాటున్నవాడికి అటువంటి వెసులుబాటు ఉండదు. నాకు భయం తెలుసు. దాని రంగు కూడా తెలుసు; నలుపు. నందిగామ నుంచి జగ్గయ్యపేట వైపు తాగునీటి పైపులు వేసే పనిలో కుర్ర సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో, రెండు నిలువుల లోతు కందకంలో (కూలీలు దానిని కాలవ అనేవారు), వాన తాగిన నల్లరేగడి గోడల మధ్య కూర్చుని, దానిని బాగా దగ్గరగా చూశాను. నేల మీద నిలబడినంతసేపూ మట్టి మన కాళ్ళ కింద ఉంటుంది. కందకంలోకి దిగినవాడికి అది తల మీద ఉంటుంది. ఈ చిన్న సంగతి మా కాంట్రాక్టరుకు ఎన్ని కాగితాలు రాసినా బోధపడలేదు. తవ్విన మట్టిని అంచున పోయవద్దు, దూరంగా పోయించండి అని రాస్తే, "మట్టి ఎక్కడుంటే నీకేంటయ్యా? రేపు మళ్ళీ ఆ కాలవలోకే గదా తోసేది!" అన్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మట్టి పని చేసే ముఠాకు పెద్ద ఒక ముక్త్యాల ఆడమనిషి. మా ఆవిడ పుట్టినూరు ముక్త్యాల. అంతే, నేను ఆమెకు అల్లుణ్ణయిపోయాను. పదిమందిలో "అల్లుడు గారూ, టీ తాగారా?" అని కేక వేసేది. సూపర్‌వైజరు హోదాకు అది తగదని మర్యాదగానే చెప్పి చూశాను. "హోదా ఆఫీసులో అండీ. ఇక్కడ అల్లుడే" అంది. చివరికి నేనూ అత్తా అని పిలవడం మొదలుపెట్టాను (పని వేళలు మినహాయించి). ఆ ముఠాకు ఒక కట్టుబాటు ఉండేది. పని మొదలైననాడు కొబ్బరికాయ కొట్టారు గనుక, కందకంలోకి చెప్పులతో దిగకూడదు. మట్టి దిబ్బకు బాగా ఇవతల, పసుపు రాసిన రాయి ఒకటి ఉండేది. చెప్పులన్నీ అక్కడ వరుసగా ఉండేవి. గునపం దిగినా, గాజుపెంకు గుచ్చుకున్నా సరే, భూదేవి మీద చెప్పుకాలు పెట్టరు. బూట్లు తొడగకుండా దిగవద్దని నేను రాసి అంటించిన కాగితం మీద ఎవరో శ్రద్ధగా ఆకువక్కలోకి సున్నం పెట్టుకున్నారు.

అటువంటి సమయంలో రక్షణ శిక్షణ అంటూ ఒకాయన వచ్చాడు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడేది గనుక అందరూ ఆయనను విజిల్ మాస్టారు అన్నారు. అందరికీ కొత్త బూట్లు పంచి, చీలమండల దాకా లేసులు బిగించి కట్టించి, ఎండలో కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. మట్టి దిబ్బను చూసి ముఖం చిట్లించాడు కూడా. "రేపు తీయించేస్తామండి" అన్నారు కాంట్రాక్టరు గారు. అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రాన్ని మాస్టారు చివరికి ఉంచుకున్నాడు.

"గోడ కూలి మనిషి మట్టిలో పడితే, మీరు కూడా లోపలికి దూకితే ఏమవుద్ది? ఒకడు పోయేచోట పదిమంది పోతారు. మరి దూకుతారా?"

"దూకమండీ!" అన్నారు ముక్తకంఠంతో.

"ఎవరో అయితే దూకమండి," అంది మా అత్త, బూటు లేసు పీక్కుంటూ. "మనోడైతే?"

"మనోడైనా దూకకూడదమ్మా!"

"అట్టాగేలెండి" అంది, చిన్నపిల్లవాణ్ణి ఊరుకోబెట్టినట్లు.

తరువాత ఉత్తుత్తి ప్రమాదం. మట్టిలో పడినవాడి వేషం నాకు దక్కింది. కూలీలైతే నవ్వేస్తారట, సూపర్‌వైజరు గారైతే గంభీరంగా ఉంటుందట. శిక్షణ కోసమని ఒకచోట మాత్రం రెండువైపులా పలకలు ఆనించి జాకీలు బిగించారు. నేను పట్టుబట్టి నిచ్చెన ఒకటి వేయించుకుని దిగాను. ఒక్కొక్క మెట్టు దిగుతుంటే ఎండ పోయింది, గాలి పోయింది, మనుషుల మాటలు ఎక్కడో పక్క ఊళ్ళో వినబడుతున్నట్లయ్యాయి. విజిల్ వినబడగానే "కాపాడండి" అని ఒకసారి అరవాలి. పలకలు ముగిసే చోట గోడకేసి చూస్తూ కూర్చున్నాను. అక్కడినుంచి ఒక మట్టిపెళ్ల జారి నా ఒళ్ళో పడింది. తల ఎత్తితే, దిబ్బ కింద గోడలో గీత ఒకటి, పెన్సిలుతో గీసినంత సన్నంగా కనబడింది. చూస్తుండగానే అందులో వేలు పట్టేటంత సందు అయింది.

విజిల్ కోసం నేను ఆగలేదు. పట్టుబట్టి వేయించుకున్న నిచ్చెన సంగతి తట్టనే లేదు. "కాపాడండ్రోయ్! గోడ వస్తోంది!" అని గొంతు చించుకున్నాను.

పైనుంచి మాస్టారి గొంతు ఆనందంగా వినవచ్చింది: "భేష్! చూశారా, ఎంత సహజంగా అరుస్తున్నారో! మీరు గాభరా పడకూడదు!"

"అది ఉత్తుత్తి గొంతు కాదయ్యోయ్! మా ఊరి అల్లుడు!" అని అత్త కేక. ఆ వెంటనే పదుల కాళ్ళ చప్పుడు. ఆ చప్పుడుకు సందు ఇంకా తెరుచుకుంది. ఆ జనమంతా అంచు మీదికి వస్తే, దిబ్బతో సహా నా నెత్తిన పడతారు. విజిల్ అదేపనిగా కూస్తూనే ఉంది, ఎవరు వింటారు? సరిగ్గా అప్పుడు పరుగు ఆగిపోయింది. నేను చావబోతుంటే వీళ్ళు ఏం చేస్తున్నట్లు?

బూట్లు విప్పుతున్నారు! పసుపు రాయి దగ్గర, ముఠా అంతా కూలబడి, కొత్త లేసుల ముడులు పళ్ళతో పీకుతున్నారని తరువాత తెలిసింది. "ఇవి కనిపెట్టినోడి చేతులు పడిపోను! ఊడి చావవేంటే!" అని అత్త శాపనార్థాలు. ఆ ముడులు ఊడేలోగా దిబ్బ, దాని కింది అంచు, ఆ పక్క గోడ కలిసి, పెద్ద నిట్టూర్పు విడిచినట్లు, కిందికి కూర్చున్నాయి. అంచు మీద ఒక్క మనిషి లేడు. పలకలు ఆపినంత ఆపగా మిగిలిన మట్టి నా మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. కాళ్ళు లాగితే పాదాలు వచ్చాయి, నా వదులు బూట్లు రాలేదు. ఎలా ఎక్కానో తెలియదు. నిచ్చెన చివర అత్త చేయి దొరికింది.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. ఏడుస్తూనే, "చివరికి తమరూ వట్టికాళ్ళతోనే వచ్చారు గదండీ" అంది.

ఆ సాయంత్రమే సవివరంగా నివేదిక రాశాను. దిబ్బ గురించీ, గోడ గురించీ, ముడులు ఆలస్యంగా ఊడటం వల్ల నిలిచిన ప్రాణాల గురించీ. పైనుంచి వచ్చిన జవాబు ఒక్కటే: బూట్లు పోగొట్టుకున్నందుకు సంజాయిషీ ఇవ్వగలరు.

ఇప్పుడు జగ్గయ్యపేటలో మా వీధిలో మురుగు పైపుల కోసం పొక్లెయిన్‌తో తవ్వుతున్నారు. నేను రోజూ దూరంగా నిలబడి, "నిచ్చెన ఏదిరా? మట్టి వెనక్కి లాగండ్రా!" అని కేకలేస్తుంటాను. నాకు నిచ్చెన తాత అని పేరు పెట్టారు. నిన్న మధ్యాహ్నం కందకంలోంచి "చచ్చాన్రా నాయనో!" అని అరుపు వినబడింది. అటు తరువాత నాకు గుర్తున్నది ఒకటే. మోకాళ్ళ నొప్పులతో మూలిగే నేను, అంచున నిలబడి, ఒక కాలి చెప్పు విప్పేసి, రెండోది విప్పుకుంటున్నాను.

కిందనుంచి ఒక కుర్రవాడు కాలివేలు పట్టుకుని పైకి చూశాడు. "గునపం జారిందిలే తాతా. చెప్పులు విప్పావేంటి, గుడికొచ్చావా?"

"నోరు మూసుకుని నిచ్చెన వేయించుకో" అన్నాను. ఆ పిల్లవాడిది ఏ ఊరో కూడా నాకు తెలియదు. మా అత్త వింటే ఏమనేదో తలచుకుంటూ, దుమ్ములో కాలితో చెప్పు కోసం తడుముకున్నాను.