హీటరు వేసుకుని ఉదయగిరికి

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఆత్మకూరులో మా వీధి మొదట్లో జనం మూగి ఉన్నారు. మధ్యలో నేలకు ఆనుకున్నట్టు ఒక ఎర్ర కారు, దాని పక్కన చేతులు కట్టుకుని మా బావ. అక్క భర్త. నెల్లూరులో గ్రానైటు వ్యాపారం. బడిరోజుల్లోనే విదేశీ స్పోర్ట్స్ కార్ల బొమ్మలు నోటుపుస్తకాల అట్టలకు అంటించుకున్న మనిషి. యాభై ఏళ్ళు దగ్గర పడుతుండగా, బెంగళూరులో ఎవరో కొన్నాళ్ళు వాడి అమ్మిన అలాంటి కారును కొని తెచ్చుకున్నాడు. ఉన్నవి రెండే సీట్లు. అందులోంచి బయటపడటానికి అక్క తలుపు పట్టుకుని తంటాలు పడుతోంది.

మా షెడ్డులో నాయన కారుంది. మన దేశంలోనే తయారైన చిన్న తెల్ల కారు. దాన్ని బాడుగలకు తిప్పే నాయన మా ఇద్దరినీ చదివించాడు. ఆయనకు మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి, అంటే రెండేళ్ళుగా, అది కదల్లేదు. అయినా మామా అల్లుళ్ళు కలిస్తే చాలు, విదేశీ కారా మన కారా అని గొడవే. నేనెప్పుడూ నాయన పక్షమే.

అన్నాల దగ్గర బావ మొదలుపెట్టాడు.

“మామా, ఆ డబ్బాని ఇంక పాత ఇనుముకి ఇచ్చెయ్. షెడ్డన్నా ఖాళీ అవతాది.”

“నీ పెళ్ళికి నిన్ను ఊరేగించింది ఆ డబ్బానే అల్లుడా.”

“అప్పుడు కదిలింది. ఇప్పుడు స్టార్టన్నా అవతాదా?”

నాయన ఎప్పటిలా ఎదురు తిరుగుతాడనుకున్నాను. తల దించుకుని మజ్జిగ కలుపుకున్నాడు.

“నేను నడపతా,” అన్నాను.

బావ నవ్వాడు. “స్కూటీ మీద నించి రెండుసార్లు పడినావు మరదలా.”

“ఉదయగిరి దాకా నడపతా. మధ్యలో ఎక్కడా ఆపకుండా. ఎండాకాలం సెలవులు అయిపోయేలోపల. నడిపితే ఇంకెప్పుడూ డబ్బా అనగూడదు.”

“నడపలేకపోతే?”

“పాత ఇనుముకి నేనే తోలిస్తా.”

అక్క బల్ల కింద నా కాలు తొక్కింది. అప్పటికే అనేశాను.

నాకప్పుడు నలభై రెండేళ్ళు. కలువాయి దగ్గర ఒక పల్లెలో టీచర్ని. స్టీరింగు ఏనాడూ పట్టుకోలేదు.

ఒంటిపూట బడులు కావడంతో మధ్యాహ్నాలు మెకానిక్కు దగ్గరే గడిపాను. బ్యాటరీ, టైర్లు, క్లచ్ ప్లేటు మార్చాడు. రేడియేటరు కొత్తది దొరక్క, ఉన్నదానికే అతుకు వేశాడు. నాయన అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మూడో రోజు ఇంజను అందుకుంది. నాయన కాసేపు చెవి పెట్టి విని, “ఊరికే ఉన్నప్పుడు ఇంజను స్పీడుగా తిరగతా ఉండాది, ఐడిలింగు తగ్గించు,” అన్నాడు. అంతే.

ఎల్ బోర్డు తగిలించి, నాయనను పక్కన కూర్చోబెట్టుకుని రోజూ తెల్లారగానే సోమశిల రోడ్డు పట్టేదాన్ని. ఒకరోజు బస్టాండు మలుపులో ఆర్టీసీ బస్సుకు అడ్డంగా బండి ఆగిపోయింది. నాలుగుసార్లు స్టార్ట్ చేశాను, నాలుగుసార్లూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, “అక్కా, దిగి తోయమంటావా?” అన్నాడు. బస్సంతా నవ్వింది. ఇంటికొచ్చి ముఖం కడుక్కున్నాను. మళ్ళీ అదే మలుపుకు పోయాను. ఆ పూట అక్కడ పదకొండుసార్లు తిరిగాను.

లైసెన్సు చేతికొచ్చేసరికి మే నెల సగమైంది. ఆ నెలాఖరులో ఒక ఉదయం బయల్దేరాం. నా పక్కన నాయన, వెనక ఎర్ర కారులో బావ, అక్క. ఊరు దాటాడో లేదో బావ ఒక్క ఊపున మమ్మల్ని దాటిపోయాడు. ముందెక్కడో నీడన ఆగి, మేం కనబడగానే హారన్ కొట్టి మళ్ళీ దూసుకుపోయేవాడు. వింజమూరులో స్పీడు బ్రేకర్ల దగ్గర కారు అడుగు తగలకుండా ఏటవాలుగా తిప్పుకుంటుంటే ఈసారి నేను దాటాను. ఊరు దాటగానే మళ్ళీ ముందుకు పోయాడు. వేగంలో ఆ కారుతో పోటీ లేదని నాకు తెలుసు. నా పోటీ ఆగకుండా పోవడంతోనే.

ఎండ ముదిరింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు జరగడం మొదలైంది.

“ఆపమ్మా, నీళ్ళు పోద్దాం,” అన్నాడు నాయన.

“ఆపను నాయనా.”

ఆయన వంగి ముల్లు చూశాడు. “అయితే హీటరు తిప్పు.”

“ఈ ఎండలోనా?”

“ఇంజను వేడిని మన మీదకి లాగతాది. బాడుగలకి పోయినప్పుడు ఎన్నిసార్లు చేసినానో. ప్యాసింజర్లు తిట్టేవాళ్ళు. తిప్పు.”

తిప్పాను. అద్దాలు దించినా పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంది. పాదాలు కాలిపోతున్నాయి. చీర ఒంటికి అతుక్కుంది. నాయన తువ్వాలు తడిపి నా మెడ మీద వేశాడు. ముల్లు ఎర్రగీత అంచున నిలబడి, అక్కడే ఉండిపోయింది. ఉదయగిరి కొండ కనబడ్డాక కూడా నేను ముల్లునే చూస్తున్నాను.

ఉదయగిరి బస్టాండు దగ్గర బావ సోడా తాగుతూ నిలబడి ఉన్నాడు. వానలో తడిసినట్టు దిగిన మమ్మల్ని చూసి, కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి వెంటనే తీసేశాడు.

“హీటరేంది మరదలా!”

నాయన చెప్పాడు. బావ నవ్వలేదు. నా చేతికి చల్లటి నీళ్ళ సీసా ఇచ్చి, కాసేపటికి తన కారు తాళం కూడా ఇచ్చాడు. “ఒక రౌండు కొట్టిరా.”

నాయన పక్షం మనిషిగా వద్దనాల్సింది. తీసుకున్నాను. ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటరుకు కాలు ఆనించగానే వీపు సీటుకు అతుక్కుంది. భయం వేయలేదు. ఇంకాస్త దూరం పోదామనిపించింది. తిరిగొచ్చి నాయన ఎదురుగానే చెప్పాను.

“బాగుండాది బావా. నిజంగా బాగుండాది.”

నాయన తననూ ఎక్కించమన్నాడు. ఎక్కడం ఎలాగో ఎక్కాడు గాని, దించడానికి నేనూ బావా చెరో చెయ్యి పట్టుకుని లాగాల్సి వచ్చింది.

“బండి మంచిదే అల్లుడా. దిగేదానికే ఇద్దరు మనుషులు గావాల.”

అందరికంటే ఎక్కువ నవ్వింది బావే.

ఆ తర్వాత బావ డబ్బా అనలేదు. వాదన మాత్రం అలాగే ఉంది. రోజూ నా ఫోనుకు ఏదో ఒక విదేశీ కారు ఫొటో పంపిస్తాడు. ఒక్కోటి నేను రెండోసారి తెరిచి చూసుకుంటానని నాయనకు చెప్పలేదు.

జూన్‌లో బడి తెరిచిన రోజు కారులోనే వెళ్ళాను. ఇప్పుడు ఆటో కోసం నిలబడే ఇద్దరు టీచర్లు కూడా నాతోనే వస్తున్నారు. రేడియేటరు కొత్తది వేయించాను. పెద్ద రోడ్డు మీద లారీల పక్కన నడపాలంటే నాకింకా దడే. అయినా ఈ ఆదివారం ఒక్కదాన్నే నెల్లూరు వస్తున్నానని అక్కకు ఫోన్ చేసి చెప్పాను.