గూట్లో ఇనపగుండు

నా భర్త ఉన్న రోజుల నుంచీ ఒక మాట గొంతులో పెట్టుకుని బతుకుతున్నాను. నాకు రాయడం సరిగా రాదు, చెప్పి రాయిస్తున్నాను. చదివే మీరెవరో తెలియదు గనకనే మీతో చెప్పగలుగుతున్నాను.

మాచర్ల అవతల గుట్ట కింద మా చేను. ఆ గుట్ట ఎర్ర ఇసుకరాతిలో నిమ్మకాయంత గుండ్లు దొరుకుతాయి. తుప్పు రంగు, చేతిలో పెట్టుకుంటే ఇనుమంత బరువు. మా తోడికోడలు సుబ్బులు కాపురానికొచ్చిన ఏడు కలుపు తీస్తుంటే ఒకటి దొరికింది. నున్నగా, బంతిలా ఉంది. పోలేరమ్మే వచ్చిందని అత్త దానికి పసుపు పూసి గూట్లో పెట్టింది. దీపం పెట్టే పని సుబ్బులుకిచ్చింది. ఆ ఏడు మిరప విరగకాసింది. వీధిలో ఆడవాళ్ళు జ్వరమొచ్చిన బిడ్డల్ని తెచ్చి సుబ్బులు చేత పసుపు పెట్టించేవారు. పెద్దకోడల్ని నేను. నన్ను పక్కకు జరగమనేవారు. అదీ ఓర్చుకున్నాను. ఒకరోజు నా మొగుడు అన్నం తింటూ సుబ్బులు చెయ్యి మంచిదన్నాడు. అది ఓర్చుకోలేకపోయాను. వండిపెట్టిన చెయ్యి నాది కాదా?

అందరూ మిరపకోతకు వెళ్ళిన మధ్యాహ్నం తలనొప్పని ఇంట్లో ఉండిపోయి, ఆ గుండును సుత్తితో పగలగొట్టాను. లోపల ఏముంటుందనుకున్నానో ఇప్పటికీ తెలియదు. పైన ఇనప పెంకు, లోపల ఎర్ర ఇసుక. అంతే. అన్నీ ఊడ్చి వాగులో పారేశాను.

సాయంత్రం అత్త ఖాళీ గూడు చూసింది.

"ఏమే సుబ్బులూ, ముట్టుతో గాని దీపం పెట్టావా ఏంది?"

"చేలో ఉండగా ముట్టయ్యానత్తా. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఇంకా కాలేదనుకున్నా. ఏమో మరి."

"ఏమో అంటావేందే? అమ్మ అలిగి పోతే ఏమో అంటావా?"

అప్పుడైనా నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"నిన్ననే నడుం నొప్పి అందిగా అత్తా," అన్నాను.

నిజంగానే అంది. వంగి వంగి కాయ కోసి అంది. అది నాకు తెలుసు.

ఆ తర్వాత సుబ్బులును గూటి దగ్గరికి రానివ్వలేదు. బిడ్డల్ని తెచ్చేవాళ్ళూ మానేశారు. నాకు హాయిగా ఉండింది. అది కూడా చెప్పాలి కదా. ఆమెకు కడుపు నిలవకపోతే, అమ్మ అలిగినందుకేనన్నారు. ఆమే అది నమ్మింది. నా మొగుడు పాము కరిచి పోయిన రోజు నన్ను పట్టుకుని, "నా మూలానే అక్కా, బావ నా మూలానే పోయాడు," అని ఏడ్చింది. నేనేం చేశానో తెలుసా? ఆయన కోసం నాకంటే ఎక్కువ ఏడుస్తోందేమోనని చూశాను.

మొన్న ఒక కాలేజీ మాస్టారు పిల్లల్ని తీసుకుని మా గుట్టకొచ్చాడు. నీళ్ళలో కరిగి వచ్చిన ఇనుము ఇసుక చుట్టూ గట్టిపడి ఈ గుండ్లవుతాయని చెబుతూ, ఒకటి తీసి సుబ్బులుకు అందించాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నా చేతికొద్దులే సారూ," అంది.

తల నెరిసిపోయింది ఆమెకు. ఇంకా ముట్టుకోదు.

పక్కింట్లోనే ఉంటుంది. ఇంకా చెప్పలేదు. తిడుతుందనా? కాదు, తిడితే బాగుండు. క్షమించేస్తుందేమోనని. క్షమిస్తే అది కూడా ఊరంతా ఆమె మంచితనం కిందే చెప్పుకుంటుంది. చూశారా, ఇది నాలోంచి ఇంకా పోలేదు.

ఆ గుండు పగలగొట్టింది నేను. అమ్మ అలగలేదు. సుబ్బులు ఏ తప్పూ చెయ్యలేదు. ఇన్నేళ్ళకు ఈ మాట నా నోటితో అన్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది.