నేను రాయించుకోని బిల్లు

ఐదేళ్లుగా మోస్తున్న ఒక మాటను ఇక్కడ రాసి పెడుతున్నాను. రాయకపోతే నా తప్పు మరొకరి పేరు మీదే నిలిచిపోతుంది. నోటితో చెప్పే ధైర్యం ఇంతవరకు రాలేదు. వరుస తప్పకుండా రాయడం మాత్రం నాకు అలవాటు.

బెంగళూరులో ముప్పై ఏళ్లు వాణిజ్యశాస్త్రం బోధించాను. నగ కొంటే దాని విలువపై మూడు శాతం పన్ను. అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. బిల్లు అడగడం కొనేవారి హక్కు, బాధ్యత కూడా. జీఎస్టీ వచ్చిన కొత్తలో, నా ఉద్యోగపు చివరి ఏడాది, నల్లబల్ల మీద రాసి చెప్పిన పాఠమది. మా ఇంట్లో ప్రతి రసీదుకూ ఒక కవరు, ప్రతి కవరుకూ ఒక పేరు ఉంటాయి.

ఆ ఏడాదే మనవరాలు పుట్టింది. కోడలికి గొలుసు కొనడానికి తెలిసిన అంగడికి వెళ్లాను. యజమాని తూకం వేసి గొంతు తగ్గించాడు. “మనోళ్లకి బిల్లు ఏంటికి సార్? వద్దంటే ఆ మూడు పర్సెంటు మీకే మిగుల్తాది. నా మాటే మీకు బిల్లు.”

తలూపాను. ఎందుకు? నా దగ్గర డబ్బు లేక కాదు. అందరికీ నియమం చెప్పి చెప్పి అలసిన మనిషికి, ఎవరూ చూడకుండా ఒక్కసారి దాన్ని దాటడంలో ఏదో చిన్న సంతోషం దొరికిందని, దాన్ని ఆనాడు తెలివి అనుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రెండేళ్లకు గొలుసు కొక్కెం విరిగింది. మార్చుకుందామని కోడలు అదే అంగడికి తీసుకెళ్లింది. పరీక్షలో ఇరవై రెండు క్యారెట్లు కాదు, పద్దెనిమిదని తేలింది. ఆమె తిరిగి వచ్చేసరికి అందరం భోజనాల దగ్గర ఉన్నాం.

“మామా, బిల్లు యాడుండాది? ఇది మా అంగడి సరుకే కాదంటా ఉండాడు ఆయప్ప.”

“నీ చేతికే ఇస్తిని కదమ్మా, పెట్టెతో పాటు.”

అంత సులువుగా ఎలా అన్నాను? తడబడనైనా లేదు.

నా కొడుకు నవ్వాడు. “మా నాయన కాడ ఇరవై ఏండ్ల కిందటి కరెంటు బిల్లు గూడా ఉంటాది. పోగొట్టింటే నువ్వే పోగొట్టింటావు, తల్లీ!”

ఆమె గొలుసును మళ్లీ సంచిలో పెట్టుకుంది. “అవునేమో మామా. నేనే యాడో పెట్టి మర్సినట్టుండా.”

ఇచ్చానని ఆమె నమ్మింది. నా కవర్ల వరుసే ఆమెను నమ్మించింది. అది చాలదన్నట్టు, బిల్లు దొరికితే పెట్టడానికంటూ మర్నాడు ఒక ఖాళీ కవరు మీద ‘కోడలి గొలుసు’ అని రాసి బీరువాలో పెట్టాను. అబద్ధం కంటే ఆ కవరే నన్ను ఎక్కువ బాధిస్తుంది. అబద్ధం నోరు జారిందని చెప్పుకోవచ్చు. కవరు మీద దస్తూరి కుదురుగా ఉంది.

మారతహళ్ళిలో పెద్ద ఉద్యోగం చేసే ఆమె, అప్పటినుంచి కూరగాయల చీటీకి కూడా ఫోనులో ఫోటో తీస్తుంది. “మామా, ఇది మీ కాడే పెట్టుకోండి” అని కాగితాలన్నీ నాకే ఇస్తుంది. మొన్న మా అపార్టుమెంటు సంఘంవారు కోశాధికారిగా ఉండమని ఆమెను అడిగారు. “నా చేతిలో కాగితాలు నిలవవండీ” అని తప్పుకుంది. పక్క కుర్చీలోనే ఉన్నాను.

ఎగవేసిన పన్నులో సగం రాష్ట్రానిది, సగం కేంద్రానిదని చెప్పగలను. ఆమె తన మీద పోగొట్టుకున్న నమ్మకాన్ని ఏ పద్దులో రాయాలి?

బిల్లు ఎలాగైనా అందులో చేరిందేమోనని ఆమె ఏటా ఒకసారి ఆ ఖాళీ కవరు తెరిచి చూస్తుంది. ఈసారి అందులో ఈ కాగితం ఉంటుంది. క్షమించమని రాయడం లేదు. బిల్లు ఏనాడూ లేదని మాత్రం రాస్తున్నాను. ఇంతమాత్రానికే చెయ్యి కొంత తేలికపడింది.

దీనికో నకలు తీసి బయటివాళ్లకూ ఇస్తున్నాను; అది చదివేవారికి ఒక మనవి. పన్ను నియమాల్లో నేను పొరబడి ఉంటే దిద్దండి. జరిగినదాంట్లో నన్ను నేను మంచివాడిగా చూపుకున్న చోటు ఎక్కడైనా కనబడితే, దాన్ని ముందు దిద్దండి.