మోకాలు దించని కోచ్

నిన్న పొద్దున ఇక్కడ సింగపూర్ క్లెమెంటి స్టేషన్‌లో ఆఫీసుకి ట్రైన్ ఎక్కబోతుంటే మా కోచ్ రమణన్న భార్య ప్రవీణ వదిన నుంచి మెసేజ్.

"మీ అన్న పోయారు వంశీ. తెల్లారుజామున. హార్ట్ ఎటాక్."

తలుపులు మూసుకున్నాయి. ట్రైన్ వెళ్ళిపోయింది. నేను ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయాను.

ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది.

ఎందుకో చెప్పాలి. దాచుకుంటే ఊపిరాడేలా లేదు.

రమణన్న తెలియని వాళ్ళకి నాలుగు మాటలు. వైజాగ్ కుర్రాడు. సిమెంటు రింక్ మీద చక్రాల స్కేట్లతో రోలర్ హాకీ ఆడి, స్టేట్ టీం దాకా వెళ్ళినవాడు. బ్యాంక్ ఐటీ ఉద్యోగానికి సింగపూర్ వచ్చాక, ఇరవై ఏడేళ్ళ వయసులో మొదటిసారి ఐస్ హాకీ రింక్ మీద కాలు పెట్టాడు.

మొదటి రోజు స్పీడుగా వెళ్ళాడట. ఆగడం తెలియదు. నేరుగా వెళ్ళి గోడకి గుద్దుకున్నాడు. "గోడ బానే ఉంది గురూ, నాకే రెండు కుట్లు పడ్డాయి" అని ఇరవై సార్లు చెప్పుంటాడు. ఇరవై సార్లూ నవ్వాం.

ఆ తర్వాత ఏడేళ్ళు ఇక్కడి లీగ్‌లో ఆడాడు. తనకంటే జానెడు పొడుగున్న వాళ్ళ మధ్య, బక్కపల్చటి తెలుగువాడు.

ఒక సీజన్‌లో మోకాలు నొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కూర్చోబెడతారని. కట్టు కట్టుకుని చివరి మ్యాచ్ దాకా లాగాడు. ఆ మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. ఆట అక్కడితో అయిపోయింది.

అప్పుడు కోచ్ అయ్యాడు. శనివారం పొద్దున పిల్లలకి, ఆ తర్వాత నాలాంటి నలభై దాటిన బొజ్జగాళ్ళకి.

ఆయన దగ్గర మొదటి రోజే నేర్పేది షాట్ కాదు. నొప్పొస్తే ఆట మధ్యలోనైనా సరే, ఒక మోకాలు ఐస్ మీదకి దించాలి. వెంటనే అందరూ ఆగిపోయి మోకాలు దించాలి. పడ్డవాళ్ళు లేచాక అందరం స్టిక్స్‌తో ఐస్ మీద టపటపా కొట్టాలి.

"దాచినోడు మొనగాడు కాదురా. దాచినోడు నాలాగ కోచ్ అవుతాడు."

ఇది నవ్వుతూనే చెప్పేవాడు. కానీ దాచిన వాళ్ళని మాత్రం క్షమించేవాడు కాదు. చీలమండ బెణికినా చెప్పకుండా ఆడానని నన్ను మూడు వారాలు బెంచీ మీద కూర్చోబెట్టాడు. నా కూతురు నిత్య ముందు! పదకొండేళ్ళ పిల్ల వచ్చి "నాన్నా, రూల్ ఈజ్ రూల్ లా" అని సింగపూర్ యాసలో నీతులు చెప్పి పోయింది.

ఇప్పుడు మొన్న శనివారం సంగతి.

ప్రాక్టీస్ అయ్యాక ఎప్పటిలాగే జురాంగ్ ఈస్ట్‌లో తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్ళాం. ఇక్కడ టేబుల్ చోప్ చేయడానికి, అంటే ముందే ఆపుకోడానికి, అందరూ టిష్యూ ప్యాకెట్ పెడతారు. రమణన్న తన హాకీ గ్లవ్ పెట్టేవాడు. ఆ కంపుకి పక్క టేబుల్ కూడా మాకే మిగిలేది.

టీ తాగుతూ అన్నాడు. "ఏటో గురూ, ఛాతీ పట్టేసినట్టుంది. గ్యాస్ అనుకుంటా."

నేనేమన్నానో తెలుసా?

"నాలుగు పరాటాలు లాగించావు, గ్యాస్ కాక ఇంకేముంటుంది" అన్నాను. బ్యాగులో అమ్మ పంపిన వాము ఉంటే తీసిచ్చాను. నమిలాడు. వేడినీళ్ళు తాగాడు. గట్టిగా తేన్చి, "డాక్టర్ వంశీ గారికి జై" అన్నాడు. నవ్వుకున్నాం.

స్టేషన్ మెట్ల మీద బ్యాగ్ దించి రెండుసార్లు ఆగాడు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

నిన్న నిత్యకి చెప్పాను. ఒకటే అడిగింది.

"కోచ్ మోకాలు దించలేదా నాన్నా?"

దించాడమ్మా. నా ముందే. అర్థం చేసుకోవాల్సిన నేను వాము పెట్టాను.

ఈ మాట వదినకి చెప్పాలంటే భయమేసింది. అయినా ఇవాళ పొద్దున వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బావుణ్ణు.

"ఇంట్లోనూ గ్యాసే అన్నారు వంశీ. నేనూ మజ్జిగిచ్చాను" అంది.

మళ్ళీ తనే, "నీకూ మెట్లెక్కితే ఆయాసం వస్తోందట కదా. నువ్వు దాస్తున్నావని మీ అన్న కనిపెట్టేశారు. ఈ శనివారం ప్రాక్టీస్ మానిపించి, నిన్ను డాక్టర్ దగ్గరికి లాక్కెళ్తానన్నారు" అంది.



నిజమే. రెండు నెలలుగా నాకూ అలాగే ఉంది. నేనూ దానికి గ్యాస్ అనే పేరు పెట్టుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. పిరికితనం, అంతే.

ఈ పోస్ట్ క్లినిక్‌లో కూర్చుని రాస్తున్నాను. చేతిలో టోకెన్ ఉంది. ఈసీజీ తీస్తారట. నా ముందు ఇంకా ముగ్గురున్నారు. పక్కన నా భార్య నా చెయ్యి వదలడం లేదు. చాలా భయంగా ఉంది. ఏం చెబుతారోనని భయం. వాళ్ళు చెప్పేలోపే ఇంటికి పారిపోతానేమోనని ఇంకా భయం.

మన శనివారం బ్యాచ్ వాళ్ళందరికీ దండం పెట్టి చెబుతున్నాను. ఎవరికైనా "గ్యాస్" ఉంటే ఇవాళే వెళ్ళండి. సిగ్గుపడకండి.

అన్నా, ఈ శనివారం రింక్‌లో అందరం మోకాలు దించుతాం. నువ్వు లేవవని తెలుసు. అయినా స్టిక్స్ కొడతాం. టేబుల్ మీద నీ గ్లవ్ పెడతాం.

నా నంబర్ పిలుస్తున్నారు.

మోకాలు దించాను అన్నా. చూశావా?

ఇక నీకు దాచుకోవాల్సిన నొప్పి ఏదీ లేదు. హాయిగా పడుకో.